కొద్ది డబ్బుతో గెలిచే డెక్

మ్యాజిక్: ద గ్యాదరింగ్‌లో తక్కువ ఖర్చుతో డెక్ కట్టాలనుకున్నవాళ్లలో చాలామంది ఒకే దారి పడతారు. పెద్ద టోర్నమెంట్‌లో గెలిచిన డెక్ లిస్టు ఒకటి తెచ్చుకుంటారు. అందులోని ఖరీదైన కార్డులన్నిటికీ గీత కొట్టి, ఇంచుమించు అదే పని చేసే చవక కార్డులు ఆ స్థానాల్లో రాసుకుంటారు. కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది. ఆడటం మొదలుపెట్టాక తెలుస్తుంది, ప్రతి టర్నులోనూ ఆ డెక్ అసలు దానికన్నా ఒక అడుగు వెనకే నడుస్తోందని. ఆ ఒక్క అడుగూ ఆటంతా పూడదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఖరీదైన ఆలోచనకు చవక నకలు కట్టకండి. ఏ ఆలోచన తన అత్యుత్తమ రూపంలోనే చవకగా దొరుకుతుందో దాన్ని వెతికి పట్టుకోండి. డెక్ కట్టేటప్పుడూ, కట్టినదాన్ని పరీక్షించేటప్పుడూ ఈ తేడా మనసులో ఉంటే డబ్బు ఆదా అవుతుంది, ఆట కూడా బాగుపడుతుంది.

ఆట తెలియని పాఠకుల కోసం కొద్దిగా. పేకాటలో అందరూ ఒకే కట్టలోంచి ముక్కలు తీసుకుంటారు. ఇక్కడ ఎవరి కట్ట వాళ్లు ముందే తయారుచేసుకుని వస్తారు. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. మామూలు పద్ధతిలో డెక్‌కు కనీసం 60 కార్డులుండాలి. బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డునైనా 4 కన్నా ఎక్కువ పెట్టకూడదు. ఒక్కొక్కరికి 20 లైఫ్. మొదట చేతికి 7 కార్డులు. టర్నుకు ఒక ల్యాండ్ దించవచ్చు. ల్యాండ్ల నుంచి మానా వస్తుంది, మానాతో మిగతా కార్డులు ఆడతాం: దాడి చేసే, దాడిని అడ్డుకునే క్రీచర్లు, ఒకసారి పనిచేసి పోయే స్పెల్లులు (ఇన్‌స్టంట్‌లు, సోర్సరీలు) లాంటివి. క్రీచర్ మీద 2/2 అని ఉంటే మొదటి అంకె దాని పవర్, అంటే అది కొట్టే దెబ్బ; రెండోది అది తట్టుకోగల దెబ్బ. ఎదుటివాళ్ల లైఫ్ సున్నాకు దించితే గెలిచినట్టు.

చవక కార్డుల డెక్ అంటే తలవంచుకుని ఆడాల్సిన డెక్ అనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది 1996 నాటి సంగతి. అమెరికాలోని అట్లాంటాలో, ఈ ఆటలో పెద్ద పోటీ అయిన ప్రొ టూర్‌కు అర్హత కోసం జరిగిన ఒక టోర్నమెంట్‌లో పాల్ స్లై అనే ఆటగాడు ఎర్ర రంగు డెక్‌తో రెండో స్థానంలో నిలిచాడు. డెక్ ఆలోచన జే ష్నైడర్‌ది. అందులోని క్రీచర్లు చూస్తే అప్పటి ఆటగాళ్లు పెట్టె అడుగున పడేసే రకం: ఐరన్‌క్లా ఆర్క్స్, బ్రాస్ మ్యాన్ లాంటివి. ఐరన్‌క్లా ఆర్క్స్ రెండు మానాకు వచ్చే 2/2 క్రీచర్. పవర్ 2 గానీ అంతకుమించి గానీ ఉన్న క్రీచర్లను అది అడ్డుకోలేదు కూడా. విడిగా చూస్తే పనికిమాలిన కార్డే. ష్నైడర్ దాన్ని విడిగా చూడలేదు. మొదటి టర్నులో ఉన్న ఒక్క మానా, రెండో టర్నులో రెండు, మూడో టర్నులో మూడు, ఏదీ వృథా కాకుండా ఖర్చుపెట్టగలిగేలా ఏ ధర కార్డులు ఎన్ని ఉండాలో లెక్క వేశాడు. ఈ రోజు ప్రతి ఆటగాడూ మానా కర్వ్ అని పిలిచే ఆలోచన అక్కణ్నుంచే గట్టిగా వేళ్లూనుకుంది. ఈ ఆట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన డెక్ ఏదని అడిగితే ఇదే చెబుతాను. పెట్టె అడుగు కార్డులు కూడా వరస కుదిరితే ఎంత దూరం వెళ్తాయో అది చూపించింది.

ఇక ధరలు ఎందుకు అంతంత ఉంటాయో తెలిస్తే ఎక్కడ తగ్గించుకోవచ్చో తెలుస్తుంది. కార్డులు కామన్, అన్‌కామన్, రేర్ అని వచ్చేవి. 2008లో మిథిక్ రేర్ అనే మెట్టు కూడా చేరింది. 15 కార్డుల పాత డ్రాఫ్ట్ ప్యాకెట్‌లో సాధారణంగా పది కామన్లు, మూడు అన్‌కామన్లు ఉంటే రేరో మిథిక్కో ఒక్కటే దొరికేది. ఒక సెట్‌లో అరవై రేర్లున్నాయనుకోండి, మీకు కావలసిన ఆ ఒక్కటి కోసం ప్యాకెట్లు చించుకుంటూ పోతే ఎంతవుతుందో ఊహించండి. అందుకే డెక్ కోసం ప్యాకెట్లు కొనకండి, విడి కార్డులు కొనండి. ప్యాకెట్ విప్పే సరదా కావాలంటే దానికి వేరే లెక్క రాసుకోండి.

ధరలో పెద్ద వాటా ల్యాండ్లది. రెండు రంగుల మానా ఇస్తూ వెంటనే వాడుకోగలిగే ల్యాండ్లు దాదాపు ఎప్పుడూ రేర్లే. వాటిలో తొలినాటి డ్యూయల్ ల్యాండ్ల ధరలు వందల డాలర్లలో ఉంటాయి. 1996లో విజర్డ్స్ సంస్థ ప్రకటించిన రిజర్వ్‌డ్ లిస్ట్‌లో అవి ఉన్నాయి. ఆ జాబితాలోని కార్డులను టోర్నమెంట్లలో వాడదగిన రూపంలో మళ్లీ అచ్చువేయబోమని సంస్థ మాట ఇచ్చింది. కాబట్టి అవి చవకయ్యే దాకా ఆగుదామనుకోవడం వృథా. చవక రెండు రంగుల ల్యాండ్లూ ఉన్నాయి. కాకపోతే అవి చాలావరకు బల్ల మీదికి వచ్చిన టర్నులో మానా ఇవ్వవు. నెమ్మదిగా సాగే డెక్‌కు ఫరవాలేదు, వేగం మీద బతికే డెక్‌కు ప్రాణాంతకం. మొదటి డెక్ ఒకే రంగులో కట్టమని నేను చెప్పేది ఇందుకే. ఒకే రంగు డెక్‌కు కావలసిన ల్యాండ్లు దాదాపు ఉచితంగా దొరుకుతాయి, అందరికన్నా ధనవంతుడైన ఆటగాడి ల్యాండ్లకు అవి ఏమాత్రం తీసిపోవు.

ఎక్కడ ఆడాలన్నది కూడా ముఖ్యమే. స్టాండర్డ్ పద్ధతిలో పాత సెట్లు కాలం తీరాక తప్పుకుంటాయి. ఆ గడువును 2023లో రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచారు, అయినా తప్పుకోవడం తప్పదు. కామన్ కార్డులతోనే ఆడే పాపర్ పద్ధతిలో ఆ బెడద లేదు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో 2008 నుంచి దీనికి అధికారిక గుర్తింపు ఉంది. 2019లో బల్ల మీద ఆటకూ ఆన్‌లైన్ ఆటకూ కలిపి ఒకే నిబంధనలు వచ్చాయి. 2022లో దీని నిషేధాలను చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక ప్యానెల్ ఏర్పడింది. కొనే ముందు ఆ నిషేధాల జాబితా ఒకసారి చూసుకోవడం మంచిది. పాపర్‌లో పూర్తి స్థాయి డెక్ సాధారణంగా వంద డాలర్ల లోపే అయిపోతుంది. కామన్ అయినంత మాత్రాన ప్రతి కార్డూ చవకేమీ కాదు. అరుదుగా అచ్చయిన పాత కామన్లు కొన్ని మధ్యరకం రేర్ల కన్నా ఎక్కువ పలుకుతాయి.

ఇప్పుడు ఒక డెక్ కడదాం. పాపర్‌లో ఎర్ర రంగు బర్న్ డెక్. క్రీచర్ల యుద్ధం పెద్దగా పట్టించుకోకుండా మంటల స్పెల్లులన్నీ నేరుగా ఎదుటివాళ్ల మీద వేసి 20 లైఫ్ కాల్చేయడం దీని పథకం. ఆలోచన అత్యుత్తమ రూపంలోనే చవకగా దొరకడం అన్నానే, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఎర్ర రంగులో అత్యుత్తమ మంట స్పెల్ లైట్నింగ్ బోల్ట్: ఒక మానాకు 3 దెబ్బ. 1993 నాటి మొదటి సెట్‌లోనే అది కామన్‌గా వచ్చింది.

ముందు లెక్క. ఒక్కో స్పెల్ 3 తీసేస్తే 20 లైఫ్‌కు 7 స్పెల్లులు కావాలి. 60 కార్డుల్లో 20 మౌంటెన్ ల్యాండ్లు పెట్టాం, మిగతా 40 దెబ్బ కొట్టేవి. మీరు మొదట ఆడుతుంటే మొదటి టర్నులో కార్డు తీసుకోరు. నాలుగో టర్నుకు మొత్తం 10 కార్డులు చూస్తారు. సగటున అందులో 3.3 ల్యాండ్లు, 6.7 స్పెల్లులు. మానా సంగతి చూడండి: మొదటి టర్నులో 1, తర్వాత 2, 3, నాలుగో ల్యాండ్ దొరక్కపోతే మళ్లీ 3, మొత్తం 9. ఏడు ఒక మానా స్పెల్లులకు 7 చాలు. అంటే మానా మిగులుతోంది, కార్డులే చాలడం లేదు.

డెక్ మొత్తం ఈ ఒక్క లెక్క మీదే నిలబడుతుంది. మన దగ్గర కరువు కార్డులకే కాబట్టి ప్రతి కార్డునూ అది ఒక్కటే ఎంత దెబ్బ కొడుతుందన్నదాన్ని బట్టే ఎంచాలి. బోల్ట్ స్థానంలో షాక్ పెట్టామనుకోండి. అదీ ఒక మానాయే, దెబ్బ మాత్రం 2. తేడా ఒక్కటేగా అనిపిస్తుంది. కానీ 20 లైఫ్‌కు ఏడు బోల్ట్‌లు చాలితే షాక్‌లు పది కావాలి. మరో మూడు కార్డులంటే మరో మూడు టర్నులు కార్డు కోసం ఎదురుచూడటమే. ఆ మూడు టర్నుల్లో ఎదుటివాళ్లు ఏమైనా చేయగలరు.

అదే లెక్క మంచి కార్డులనూ వెతికి ఇస్తుంది. కెల్డన్ మరాడర్స్ రెండు మానాకు వచ్చే 3/3 క్రీచర్, కొద్ది టర్నుల్లో దానంతట అదే వెళ్లిపోతుంది. వచ్చేటప్పుడు 1, పోయేటప్పుడు 1, మధ్యలో ఒక్కసారి దాడి కుదిరితే 3. ఒకే కార్డుకు 5 దెబ్బ. మానా మిగులుతోందని తేలిన డెక్‌లో రెండు మానా ఇచ్చి ఒక కార్డు నుంచి 5 రాబట్టడం గొప్ప బేరం. థర్మో-ఆల్కెమిస్ట్ టర్నుకు ఒకటి కొడుతుంది, మనం ఇన్‌స్టంట్ గానీ సోర్సరీ గానీ వేసినప్పుడల్లా మళ్లీ లేచి ఇంకొకటి కొట్టడానికి సిద్ధమవుతుంది. ఫైర్‌బ్రాండ్ ఆర్చర్ క్రీచర్ కాని కార్డు వేసిన ప్రతిసారీ ఒకటి తీస్తుంది. ఫైర్‌బ్లాస్ట్‌కు ఆరు మానా అని రాసి ఉంటుంది, కానీ రెండు మౌంటెన్‌లు త్యాగం చేస్తే మానా లేకుండానే 4 దెబ్బ. మామూలు డెక్‌లో రెండు ల్యాండ్లు పోగొట్టుకోవడం ఆత్మహత్య. ఆఖరి దెబ్బ కొట్టే టర్నులో ఇక ల్యాండ్లతో పనేముంది? రిఫ్ట్ బోల్ట్‌కు మూడు మానా. ఒక టర్ను ఆగగలిగితే ఒకటికే వస్తుంది. స్క్యూవర్ ద క్రిటిక్స్ కూడా అంతే, ఆ టర్నులో ఎదుటివాళ్ల లైఫ్ అప్పటికే తగ్గి ఉంటే ఒక మానాకు దొరుకుతుంది.

ఇలా లిస్టు దానంతటదే తయారవుతుంది: లైట్నింగ్ బోల్ట్, చైన్ లైట్నింగ్, లావా స్పైక్, రిఫ్ట్ బోల్ట్, స్క్యూవర్ ద క్రిటిక్స్, ఫైర్‌బ్లాస్ట్, సీరింగ్ బ్లేజ్, కెల్డన్ మరాడర్స్, థర్మో-ఆల్కెమిస్ట్, ఫైర్‌బ్రాండ్ ఆర్చర్. ఒక్కొక్కటి నాలుగేసి. 20 మౌంటెన్‌లతో కలిపి 60.

ఒక్కొక్కటి నాలుగేసి ఎందుకు? 60 కార్డుల్లో ఒక కార్డు నాలుగు పెడితే మొదటి ఏడులో కనీసం ఒకటి కనబడే అవకాశం 40 శాతం. ఒక్కటే పెడితే 12 శాతం కూడా లేదు. పెట్టెలో ఉన్నవే వేసి కట్టిన డెక్‌లో రకరకాల కార్డులు ఒక్కొక్కటిగా ఉంటాయి, ప్రతి ఆటా వేరే డెక్‌తో ఆడినట్టే ఉంటుంది. అలాంటి డెక్‌ను నేర్చుకోవడం కుదరదు, సరిచేయడమూ కుదరదు.

ల్యాండ్లు ఇరవయ్యే ఎందుకన్నదీ అడగాలి. 24 ల్యాండ్ల డెక్‌లో మొదటి ఏడు కార్డుల్లో ల్యాండ్ ఒక్కటీ లేకపోవడమో, ఒక్కటే ఉండటమో సుమారు 14 శాతం సార్లు జరుగుతుంది. 20 ల్యాండ్లతో అది దాదాపు 25 శాతానికి పెరుగుతుంది. ఒక మానా కార్డులే ఎక్కువగా ఉన్న బర్న్ డెక్ ఆ రిస్కు భరించగలదు; ఒకే ల్యాండ్‌తోనూ ఎంతో కొంత పని జరుగుతుంది. బదులుగా ఐదు, అంతకుమించి ల్యాండ్లు వచ్చి చెయ్యి మూగబోవడం 8 శాతం నుంచి 3.5 శాతానికి దిగుతుంది. నాలుగు, ఐదు మానా కార్డులున్న డెక్‌కు మాత్రం ఈ సంఖ్య అరువు తెచ్చుకోకండి.

బర్న్ అందరి మనసుకూ నచ్చదు. నీలం రంగు ఇష్టమైనవాళ్లకు డెల్వర్ ఆఫ్ సీక్రెట్స్ ఉంది. 2011 నాటి ఇన్నిస్ట్రాడ్ సెట్‌లో కామన్‌గా వచ్చిన ఈ కార్డు లెగసీ లాంటి ఖరీదైన పద్ధతుల్లోనూ చోటు సంపాదించింది. ఒక మానాకు 1/1గా వస్తుంది. టర్ను మొదట్లో డెక్ పై కార్డు ఇన్‌స్టంట్ గానీ సోర్సరీ గానీ అయి దాన్ని చూపిస్తే, డెల్వర్ తిరగబడి 3/2గా ఎగరడం మొదలుపెడుతుంది. డెక్‌లో అలాంటి స్పెల్లులు 30 ఉంటే ప్రతి టర్నులోనూ సగం అవకాశం. 15 ఉంటే నాలుగోవంతు. సగటున నాలుగు టర్నులు కాచుకోవాలి, అప్పటికి ఆట చేతులు దాటిపోతుంది. డెల్వర్ కొనడానికి పెద్ద డబ్బక్కర్లేదు, దాని చుట్టూ డెక్ కట్టే ఓపిక కావాలి. మంచి కార్డన్నారు కదా అని క్రీచర్లతో నిండిన డెక్‌లో నాలుగు డెల్వర్లు ఇరికిస్తే అవి 1/1లుగానే చచ్చిపోతాయి.

ఇక సమీక్ష. మీ డెక్‌నైనా స్నేహితుడి డెక్‌నైనా చూసేటప్పుడు కార్డుల పేర్ల దగ్గర మొదలుపెట్టకండి. ఈ డెక్ ఎలా గెలుస్తుంది, ఏ టర్నులో గెలుస్తుంది? ఈ రెండింటికీ ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే కార్డులు మార్చి లాభం లేదు. జవాబు వచ్చాక ఒక్కో కార్డునూ ఆ వాక్యం ముందు నిలబెట్టండి. బర్న్ డెక్‌లో ఎవరైనా ఐదు మానా డ్రాగన్ ఒకటి పెట్టారనుకోండి. ముద్దొచ్చే డ్రాగనే కావచ్చు. నాలుగో టర్నుకో ఐదో టర్నుకో ముగియాల్సిన ఆటలో, 20 ల్యాండ్లతో, దాన్ని దించేది ఎప్పుడు?

స్నేహితుడితో మాట్లాడేటప్పుడు “ఇది తీసెయ్, అది కొను” అనేస్తే అది సమీక్ష కాదు, అతని జేబు మీద పెత్తనం. అతను పెట్టుకున్న ఖర్చు హద్దును డెక్ నియమాల్లో ఒకటిగా గౌరవించాలి. “ఈ కార్డు నిన్ను ఏ ఆటలో గట్టెక్కించిందిరా? ఏ ఆటలో చేతిలోనే ఉండిపోయింది?” అని అడగండి. చాలాసార్లు జవాబు చెబుతూనే ఏది తీయాలో అతనే గ్రహిస్తాడు. ఎవరో చెప్పగా తీసిన కార్డు వచ్చే వారం మళ్లీ డెక్‌లోకి దూరుతుంది, తాను తెలుసుకుని తీసింది తిరిగి రాదు.

గెలుపోటముల లెక్క దగ్గర జాగ్రత్త. పది ఆటల్లో ఏడు గెలిచేసరికి డెక్ అద్భుతం అనిపిస్తుంది. సరిగ్గా సగం సార్లే గెలవగల మామూలు డెక్ కూడా పదింట ఏడు, అంతకుమించి గెలిచే అవకాశం 17 శాతం ఉంది. అంటే దాదాపు ఆరుసార్లకు ఒకసారి అదృష్టమే నైపుణ్యం వేషంలో కనిపిస్తుంది. పది ఆటలు ఓడినా గెలిచినా తీర్పు చెప్పలేవు, కారణాలు మాత్రం చెబుతాయి. ప్రతి ఆట తర్వాత ఒక్క వాక్యం రాసుకోండి: ల్యాండ్లు రాలేదు, ల్యాండ్లే వచ్చాయి, ఎదుటి క్రీచర్‌కు జవాబు లేదు, నేనే తొందరపడ్డాను, చివర్లో ఒక్క స్పెల్ తక్కువైంది. ఒకే వాక్యం పదే పదే కనిపిస్తే అక్కడ చెయ్యి పెట్టాలి. ఒకేసారి ఆరేడు కార్డులు మార్చకండి, ఏ మార్పు పనిచేసిందో తెలియకుండా పోతుంది. తప్పు ఆటలో ఉందా డెక్‌లో ఉందా అన్నది తేల్చుకోవడానికి మ్యాజిక్ రచయిత మైక్ ఫ్లోరెస్ 1999లో రాసిన “హూజ్ ద బీట్‌డౌన్” వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. ఏ జోడీలోనైనా దాడి చేయాల్సింది ఎవరు, కాచుకోవాల్సింది ఎవరు అన్నది పొరబడితే ఎంత మంచి డెక్ అయినా ఓడుతుందన్నది అందులోని విషయం. చవక డెక్ ఓటములు చాలా వరకు కార్డుల ఖాతాలో రాసేస్తాం, నిజానికి అవి ఈ పొరపాటు ఖాతాలోవి.

హైదరాబాద్‌లో ఉండి ఫోన్‌లో మ్యాజిక్ అరీనా ఆడేవాళ్లకు ఒక్క మాట. అక్కడ బజారు ధర లేదు, వైల్డ్‌కార్డులే డబ్బు. ఎవరూ అడగని రేర్‌కైనా అందరూ కోరుకునే రేర్‌కైనా ఒక రేర్ వైల్డ్‌కార్డే ఖర్చవుతుంది. కాబట్టి అక్కడ డెక్ ఖరీదును అందులోని రేర్లు, మిథిక్‌ల సంఖ్యతోనే చూడాలి. ఒక్క డెక్‌లోనే పనికొచ్చే కార్డు మీద కాకుండా మూడు నాలుగు డెక్‌లకు పనికొచ్చే కార్డు మీద వాటిని ఖర్చుపెట్టండి.

అమెరికాలోనో మరెక్కడో గేమ్ షాపులో శుక్రవారం రాత్రుళ్లు ఆడేవాళ్లు కొనే వరస గురించి ఆలోచించాలి. ఏదీ కొనకముందే కార్డుల పేర్లు చీటీల మీద రాసి, ఏవో పాత కార్డులకు తగిలించి ఇంట్లో కొన్ని ఆటలు ఆడండి. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఒక్కరే కూర్చుని ఏ టర్నులో 20 దెబ్బ పూర్తవుతుందో చూడవచ్చు. ఆటగాళ్లు దీన్ని గోల్డ్‌ఫిషింగ్ అంటారు. అధికారిక టోర్నమెంట్లలో ఈ చీటీలు చెల్లవు గానీ, ఇంటి సాధనకు వీటిని మించినవి లేవు. డెక్ మీకు నచ్చలేదని చీటీల మీదే తేలిపోతే ఎంత డబ్బు మిగిలినట్టు! నచ్చితే ముందుగా బోల్ట్‌లు కొనండి. రేపు మీరు బర్న్ వదిలి మరో ఎర్ర డెక్‌కు మారినా అవి మీతో వస్తాయి. ఆ తర్వాత పథకానికి ప్రాణమైనవి, ఆ తర్వాత మిగతావి.

సైడ్‌బోర్డు అన్నిటికన్నా చివర. మొదటి ఆట తర్వాత డెక్‌లోకి మార్చుకోగల 15 కార్డులివి. మ్యాచ్ మూడు ఆటలకు వెళ్తే అందులో రెండు వీటితోనే జరుగుతాయి గనుక తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ముందే కొనకూడదు కూడా, ఎందుకంటే మీ షాపులో ఎవరు ఏం ఆడుతున్నారో చూడందే ఏం కావాలో తెలియదు. రెండు మూడు వారాలు మౌంటెన్‌లతో, నలభై స్పెల్లులతో వెళ్లి గమనించండి. ఆర్టిఫాక్టులతో నిండిన అఫినిటీ డెక్‌లు ఎక్కువగా కనిపిస్తే స్మాష్ టు స్మిథరీన్స్ నాలుగు తీసుకోండి. అది ఆర్టిఫాక్టును పగలగొట్టడమే కాక దాని యజమానికి 3 దెబ్బ కూడా వేస్తుంది, అంటే మీ పథకం ఎక్కడా ఆగదు. నీలం రంగువాళ్లు ఎక్కువైతే ఆ డబ్బు పైరోబ్లాస్ట్‌కు. చిన్న చిన్న క్రీచర్ల గుంపులతో వచ్చేవాళ్లుంటే ఎలక్ట్రికరీ. వెదర్ ద స్టార్మ్ లాంటి లైఫ్ పెంచే కార్డులు తెచ్చేవాళ్లు ఎదురైతే వాళ్లకు పెరిగే ప్రతి 3 లైఫ్‌కూ మీకు ఒక స్పెల్ చొప్పున నష్టం. వాళ్ల మీద సైడ్‌బోర్డు డబ్బు పెట్టేకన్నా ఇంకో టర్ను ముందే ముగించగలరేమో డెక్‌లో వెతకండి.